బఫెలోలో ఉంటూ బిల్స్‌ని కాక ఇంకెవరిని పట్టుకుంటావు తమ్ముడూ?

తమ్ముడూ, యూబీలో (యూనివర్సిటీ ఎట్ బఫెలో) ఎంఎస్ చేయడానికి వచ్చి బఫెలోలో ఉంటున్నానని, ఆదివారం వచ్చిందంటే ఊరంతా ఎరుపూ నీలం జెర్సీలు వేసుకుని తిరుగుతోందని, ఇంతవరకు ఒక్క సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కూడా గెలవని ఈ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ బిల్స్ మీద వీళ్ళకి ఇంత ప్రాణం ఎందుకో అర్థం కావట్లేదని రాశావు. నీ రూమ్మేట్ ఏమో ‘ఎలాగూ కొత్తగా మొదలుపెడుతున్నాం, కాన్సస్ సిటీ చీఫ్స్ లాంటి గెలిచే టీమ్‌ని పట్టుకుంటే పోలా’ అంటున్నాడట. ఎవరిని పట్టుకోవాలి, ఎలా మొదలుపెట్టాలి అన్నది నీ ప్రశ్న. నేను వై2కే రోజుల్లో ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి ఇక్కడే స్థిరపడిపోయినవాణ్ణి. పిల్లలు ఇక్కడే పుట్టి ఈ టీమ్‌తోపాటే పెరిగారు, చాలా ఏళ్ళుగా మాకు సీజన్ టికెట్లు ఉన్నాయి. అందుకని కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు సూటి జవాబు. బఫెలోలో ఉన్నావు కాబట్టి బిల్స్‌ని చూడు. చీఫ్స్ ఆటగాడు మహోమ్స్ ఆట కూడా చూడు, అంత గొప్ప క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపించేవాడు) ఆడుతుంటే చూడకపోతే నష్టం మనదే. కానీ గెలుస్తున్నారు కదా అని ఒక టీమ్‌ని ఎంచుకుంటే ఆ గెలుపు నీకు అంటదు. చీఫ్స్ సంగతే తీసుకో. వాళ్ళు 1970 జనవరిలో సూపర్ బౌల్ గెలిచాక మళ్ళీ గెలిచింది 2020 ఫిబ్రవరిలో. మధ్యలో యాభై ఏళ్ళు. ఆ యాభై ఏళ్ళూ చలిలో స్టేడియానికి వచ్చి కూర్చున్న కుటుంబాలు కాన్సస్ సిటీలో ఉన్నాయి, 2020లో ఏడ్చింది వాళ్ళే. ఆ కన్నీళ్ళు వాళ్ళ సొంతం. మూడో కప్పు గెలిచాక టోపీ కొనుక్కున్నవాడికి అవి ఎలా వస్తాయి? వాళ్ళని నేను గౌరవిస్తాను కాబట్టే నీ రూమ్మేట్ దారి వద్దంటున్నాను.

ఇక బిల్స్. 1960లో రాల్ఫ్ విల్సన్ పెట్టిన టీమ్ ఇది. అప్పట్లో, ఇప్పుడు ఈ టీమ్‌లన్నీ ఆడే ఎన్ఎఫ్ఎల్ లీగ్‌కి పోటీగా ఏఎఫ్ఎల్ అని ఇంకో లీగ్ ఉండేది, అందులో 1964లో, 1965లో వరసగా బిల్సే చాంపియన్లు. మూడోసారి కూడా ఫైనల్ దాకా వచ్చారు, ఆ ఏడాది నుంచే సూపర్ బౌల్ మొదలవుతోంది, గెలిస్తే మొట్టమొదటి సూపర్ బౌల్ ఆడేది వీళ్ళే. 1967 జనవరి 1న బఫెలోలోనే మ్యాచ్, 31-7తో ఓడిపోయారు. ఓడించింది చీఫ్స్. అంటే నీ రూమ్మేట్ చెప్తున్న ఆ టీమ్‌తో ఈ ఊరికి లెక్క అప్పటినుంచీ ఉంది, ఆ సంగతి మళ్ళీ వస్తాను.

అందరూ చెప్పుకునేది 1990ల తొలి ఏళ్ళ టీమ్ గురించి. మార్వ్ లెవీ కోచ్, జిమ్ కెల్లీ క్వార్టర్‌బ్యాక్, థర్మన్ థామస్, ఆండ్రే రీడ్, డిఫెన్స్‌లో బ్రూస్ స్మిత్, వీళ్ళంతా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవాళ్ళే. వరసగా నాలుగు సూపర్ బౌల్స్ ఆడారు, లీగ్ చరిత్రలో ఇంకే టీమూ అలా ఆడలేదు. నాలుగూ ఓడిపోయారు. మొదటిది 1991 జనవరి 27న, టాంపాలో, న్యూయార్క్ జెయింట్స్ మీద. స్కోరు 20-19, బిల్స్ ఒక్క పాయింట్ వెనక, ఎనిమిది సెకన్లు మిగిలాయి. స్కాట్ నార్వుడ్ 47 గజాల నుంచి ఫీల్డ్ గోల్ కొట్టాలి, అంటే బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపాలి. బంతి కుడి పక్కకి పోయింది. ‘వైడ్ రైట్’ అన్న రెండు మాటలు ఈ ఊళ్ళో ఎవరి దగ్గర అన్నా ఇక వివరం చెప్పక్కర్లేదు, నలభై ఏళ్ళ వాడి మొహం కూడా చిన్నబోతుంది.

కానీ నువ్వు తెలుసుకోవలసింది ఆ తన్ను గురించి కాదు, మర్నాడు జరిగినదాని గురించి. టీమ్ తిరిగొచ్చాక డౌన్‌టౌన్‌లో సిటీ హాల్ ముందున్న నయాగరా స్క్వేర్‌లో సభ పెట్టారు. ఓడిపోయి వచ్చిన టీమ్ కోసం చలిలో వేల మంది వచ్చారు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడుతుంటే కింద నుంచి జనం ‘మాకు స్కాట్ కావాలి’ అని అరవడం మొదలుపెట్టారు. తిట్టడానికి కాదు. ఆయన వెనకెక్కడో నిలబడ్డాడు, ముందుకు వచ్చి మైకు అందుకున్నాక మాట సరిగ్గా రాలేదు, కళ్ళనిండా నీళ్ళు. జనం చప్పట్లు ఆపలేదు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, వెతికి చూడు. మనవైపు క్రికెట్‌లో ఓడిన రాత్రి ఆటగాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడిన సంగతులు విన్నవాళ్ళం కదా, నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఈ ఊరి అభిమానం ఎలాంటిదో నాకు అప్పుడే తెలిసింది.

మిగతా మూడింటిలో ఒక్కటి చెప్తాను. 1993 జనవరి 31న డాలస్ కౌబాయ్స్ మీద 52-17తో చిత్తుగా ఓడిపోతున్నారు, ఆట చివరికొచ్చేసింది. డాలస్ ఆటగాడు లియాన్ లెట్ కిందపడ్డ బంతిని తీసుకుని పరిగెత్తి, గోల్ లైన్ దగ్గరికి రాగానే గెలిచినట్టే అని చెయ్యి చాపి నెమ్మదించాడు. వెనకాల నుంచి బిల్స్ రిసీవర్ డాన్ బీబీ మైదానం పొడుగునా తరుముకొచ్చి ఆ బంతిని చేతిలోంచి కొట్టేశాడు. ఆ స్కోరు దగ్గర దానివల్ల ఒరిగేదేమీ లేదు, అయినా పరిగెత్తాడు. ఓడిన నాలుగు ఫైనల్స్‌లో బఫెలో వాళ్ళు తమ పిల్లలకి చూపించేది ఆ పరుగే.

ఇంత పట్టుదల ఎక్కడిది అంటే ఊరి చరిత్ర కొంచెం తెలియాలి. 1950లో బఫెలో జనాభా దాదాపు 5 లక్షల 80 వేలు, 2020 లెక్కల ప్రకారం 2 లక్షల 78 వేలు. పక్కనున్న లాకవానాలో బెత్లెహెమ్ స్టీల్ ఫ్యాక్టరీ కొన్ని తరాలకు అన్నం పెట్టింది, 1983లో అందులో ఎక్కువ భాగం మూతపడింది. పిల్లలు ఉద్యోగాల కోసం షార్లెట్‌కీ ఫ్లోరిడాకీ టెక్సస్‌కీ వెళ్ళిపోయారు. అలా సగానికి సగం ఖాళీ అయిన ఊళ్ళో దేశమంతా టీవీలో చూసేది ఒకటి మిగిలింది, అది ఈ టీమ్. అది కూడా పోతుందేమో అన్న భయం ఎప్పుడూ ఉండేది. అమెరికాలో టీమ్ అంటే యజమాని ఆస్తి, ఎక్కడ లాభం ఉంటే అక్కడికి తీసుకుపోవాలని చూస్తాడు. బాల్టిమోర్ కోల్ట్స్‌ని 1984లో రాత్రికి రాత్రి ట్రక్కులెక్కించి ఇండియానాపోలిస్ తీసుకుపోయారు. క్లీవ్‌ల్యాండ్ నుంచి 1995 సీజన్ తర్వాత పాత బ్రౌన్స్ బాల్టిమోర్ వెళ్ళిపోయింది. మన హైదరాబాద్ వాళ్ళకి ఇది కొంత తెలుసు, 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012 తర్వాత లేనే లేదు. మనకి వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది, కానీ బఫెలో అంత చిన్న ఊరికి ఇంకో ఎన్ఎఫ్ఎల్ టీమ్ ఇవ్వరు.

2008 నుంచి 2013 దాకా కొన్ని మ్యాచ్‌లు కెనడాలోని టొరంటోలో ఆడించారు, అప్పుడే చాలామందికి గుండె జారింది. 2014 మార్చిలో రాల్ఫ్ విల్సన్ పోయాక టీమ్ అమ్మకానికి వచ్చింది. టొరంటో వాళ్ళ గుంపు ఒకటి కొంటామని ముందుకొచ్చింది, అందులో రాక్ గాయకుడు బాన్ జోవి ఉన్నాడని ఇక్కడ కొన్ని బార్లలో ఆయన పాటలు పెట్టడం మానేశారు. చివరికి పెగులా దంపతులు 140 కోట్ల డాలర్లకు కొని ఇక్కడే ఉంచారు. ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరూ పని చేయలేదు, ఫుట్‌బాల్ అంటే పట్టని మా మేనేజర్ కూడా కేకు తెప్పించాడు. కొత్త స్టేడియం 2026 సీజన్ కోసం పాతదాని ఎదురుగా, ఊరి శివారు ఆర్చర్డ్ పార్క్‌లోనే అబాట్ రోడ్డు అవతల కట్టారు. రాష్ట్రమూ కౌంటీ కలిపి 85 కోట్ల డాలర్ల ప్రజాధనం పెట్టాయి. అంత డబ్బు ఒక ప్రైవేటు టీమ్‌కి ఇవ్వాలా అని ఇక్కడ గట్టిగా వాదించినవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలో న్యాయం ఉంది. బడుల పరిస్థితి చూస్తే నాకూ అనిపిస్తుంది. అయినా టీమ్ ముప్ఫై ఏళ్ళు ఇక్కడే ఉండాలని ఒప్పందం పడింది కదా, అది విన్నాక ఊపిరి పీల్చుకున్నాను, రెండూ నిజమే.

నేను వచ్చాక చూసిన మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ 2000 జనవరి 8ది, టెనెస్సీ టైటన్స్ మీద. అపార్ట్‌మెంట్‌లో ఆఫీసు వాళ్ళంతా పోగయ్యారు, నాకు అప్పటికి ఆట సగం కూడా అర్థం కాదు. బిల్స్ 16-15తో ముందుకొచ్చారు, పదహారు సెకన్లు మిగిలాయి, కిక్‌ఆఫ్ ఒక్కటే. టైటన్స్ వాళ్ళు బంతి అందుకుని అడ్డంగా ఇంకో చివరికి విసిరారు, కెవిన్ డైసన్ 75 గజాలు పరిగెత్తి బంతిని చివరి గీత దాటించాడు, టచ్‌డౌన్, మనం ఓడిపోయాం. అది ముందుకు విసిరిన పాసా (అయితే చెల్లదు), అడ్డంగా విసిరిందా అన్న వాదన ఇప్పటికీ ఇక్కడ తెగలేదు. ఈ టైటన్స్ ఎవరో కాదు, హ్యూస్టన్ నుంచి టెనెస్సీకి తరలిపోయిన ఆయిలర్సే. 1993 జనవరి 3న అదే ఆయిలర్స్ మీద బిల్స్ 35-3తో వెనకబడి కూడా, అసలు క్వార్టర్‌బ్యాక్ కెల్లీ లేకుండా, ఆయన బదులు ఆడిన ఫ్రాంక్ రైక్‌తో ఓవర్‌టైమ్‌లో 41-38తో గెలిచారు. ఆ మ్యాచ్ టికెట్లన్నీ అమ్ముడుపోలేదని అప్పటి రూలు ప్రకారం ఊళ్ళో టీవీలో వేయలేదు. జనం రేడియోలో విన్నారు, మధ్యలో లేచి వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ లోపలికి రావడానికి కంచెలెక్కారు. ఆయిలర్స్ మీద అంతటి గెలుపు, అదే టీమ్ చేతిలో ఏడేళ్ళకి ఇంతటి దెబ్బ.

ఆ దెబ్బ తర్వాత పదిహేడు సీజన్లు ప్లేఆఫ్స్ లేవు. ఇది ఊరికే చెప్పేస్తే తెలియదు. ప్రతి సెప్టెంబరులో ఆశ, నవంబరుకి లెక్కలు, డిసెంబరుకి మంచు, ఆపైన ఏప్రిల్‌లో డ్రాఫ్ట్, అంటే కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే రోజు. కోచ్‌లు మారారు, క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, పక్క టీమ్ పేట్రియట్స్‌లో టామ్ బ్రేడీ మాత్రం మారలేదు, ఆయన తన కెరీర్ మొత్తంలో మన చేతిలో ఓడింది మూడే మూడు సార్లు. అయినా ఆదివారం స్టేడియం నిండేది. మా పక్కింటి పెద్దాయన, స్టీల్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు, తండ్రి నుంచి వచ్చిన సీట్లు వదల్లేదు. ‘వేరే ఊరి టీమ్ గెలిస్తే నాకేంటి’ అనేవాడు.

2017 డిసెంబర్ 31 అందుకే ఇక్కడ పండగ. బిల్స్ మయామీలో గెలిచారు, కానీ ప్లేఆఫ్స్‌కి అది చాలదు, సిన్సినాటి వాళ్ళు బాల్టిమోర్‌ని ఓడించాలి. సిన్సినాటి వెనకబడి ఉంది, నాలుగో డౌన్, అంటే చివరి ప్రయత్నం, ఇంకా పన్నెండు గజాలు కావాలి, నిమిషం కూడా లేదు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ విసిరితే టైలర్ బోయిడ్ పట్టుకుని 49 గజాల టచ్‌డౌన్. మయామీ డ్రెస్సింగ్ రూమ్‌లో టీవీ ముందు గుమిగూడిన బిల్స్ ఆటగాళ్ళు ఎలా ఎగిరారో చూడు, డిఫెన్స్‌లో ఆడే కైల్ విలియమ్స్ తన పిల్లల్ని పట్టుకుని ఏడ్చాడు. ఆ రాత్రి ఎముకలు కొరికే చలిలో వందల మంది ఎయిర్‌పోర్టుకి వెళ్ళి టీమ్‌కి స్వాగతం చెప్పారు. తర్వాత ఊరివాళ్ళు డాల్టన్ నడిపే పిల్లల సేవాసంస్థకి తలా 17 డాలర్లు పంపడం మొదలుపెట్టారు, పదిహేడేళ్ళకి గుర్తుగా. మూడు లక్షల డాలర్లు దాటింది. వేరే టీమ్ ఆటగాడికి! ఆయన బఫెలోలో హోర్డింగులు పెట్టించి ధన్యవాదాలు చెప్పాడు.

అప్పటినుంచి అది వీళ్ళకి అలవాటైపోయింది. 2020 నవంబరులో మన క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ వాళ్ళ నాయనమ్మ చనిపోయిందని తెలిసి ఇక్కడి ఓయిషై పిల్లల ఆసుపత్రికి 17 డాలర్ల చొప్పున పంపారు, అది పది లక్షల డాలర్లు దాటింది, ఆసుపత్రిలో ఒక భాగానికి ఆవిడ పేరు పెట్టారు. ఆయన జెర్సీ నంబరు కూడా 17 కావడం కలిసొచ్చింది. బిల్స్ మాఫియా (ఈ అభిమానుల గుంపు పేరు) అంటే టీవీలో బల్లల మీద దూకేవాళ్ళనే చూపిస్తారు, నీకూ అదే తెలిసి ఉంటుంది. ఆ బల్లల మీద దూకడం నాకు నచ్చదు, నడుం విరగ్గొట్టుకున్నవాళ్ళున్నారు, నువ్వు చేయకు. స్టూడెంట్ ఇన్సూరెన్స్‌తో ఆ ఆసుపత్రి బిల్లు కట్టలేవు. ఈ గుంపు అసలు పని ఈ విరాళాలే.

చీఫ్స్ లెక్క అన్నాను కదా. 2017 డ్రాఫ్ట్‌లో పదో పిక్ (ఎంచుకునే వంతు) బిల్స్‌ది. దాన్ని చీఫ్స్‌కి ఇచ్చి బదులుగా వేరే పిక్‌లు తీసుకున్నారు, ఆ పదో పిక్‌తో చీఫ్స్ తీసుకున్నది పాట్రిక్ మహోమ్స్‌ని. మరుసటి ఏడాది మనకి ఏడో పిక్‌గా ఆలెన్ వచ్చాడు, 2024 సీజన్‌కి లీగ్‌లో ఉత్తమ ఆటగాడు (ఎంవీపీ) కూడా అయ్యాడు. కానీ 2020, 2021, 2023, 2024 సీజన్లలో నాలుగుసార్లు ప్లేఆఫ్స్‌లో చీఫ్స్ చేతిలోనే మన కథ ముగిసింది. 2021 నుంచి 2024 దాకా రెగ్యులర్ సీజన్‌లో మనమే గెలిచాం, జనవరిలో వాళ్ళు గెలిచారు. 2022 జనవరి 23 మ్యాచ్‌లో పదమూడు సెకన్లు మిగిలుండగా మనం మూడు పాయింట్లు ముందున్నాం, ఆ పదమూడు సెకన్లలో వాళ్ళు సమం చేశారు. ఓవర్‌టైమ్‌లో టాస్ వాళ్ళు గెలిచి మొదటి అవకాశంలోనే టచ్‌డౌన్ కొట్టారు, ఆలెన్ చేతికి బంతే రాలేదు. ఆ తర్వాతే ప్లేఆఫ్స్‌లో రెండు టీమ్‌లకీ ఒక్కో అవకాశం ఉండాలని లీగ్ రూలు మార్చింది. ఇదంతా పడ్డ మనుషుల మధ్య ఎర్ర చీఫ్స్ టోపీ పెట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో నీ రూమ్మేట్‌ని ఆలోచించుకోమను, ఎవరూ ఏమీ అనరు, కానీ వాడే ఒంటరి అవుతాడు.

2024 జనవరి 21న అదే చీఫ్స్ మీద, 27-24తో వెనకబడి, కిక్కర్ టైలర్ బాస్ 44 గజాల నుంచి కొడితే అది కూడా కుడికే పోయింది. మళ్ళీ వైడ్ రైట్. ఆన్‌లైన్‌లో ఆయన్ని బండబూతులు తిట్టారు, ఆయన ఖాతాలు మూసేసుకున్నాడు. ఊరు మాత్రం 1991లో నార్వుడ్‌కి చేసిందే చేసింది. బాస్‌కి పిల్లులంటే ఇష్టమని, ఆయన సాయం చేసే స్థానిక పిల్లుల ఆశ్రమానికి తలా 22 డాలర్లు పంపి లక్ష డాలర్లు దాటించారు. నార్వుడ్ తన్నిన రోజుకి ఇందులో చాలామంది పుట్టి కూడా ఉండరు. వాళ్ళకి ఇది ఇంట్లో పెద్దవాళ్ళని చూసి వచ్చింది.

ఇంకో రోజు గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తవదు. 2023 జనవరి 2, సిన్సినాటిలో సోమవారం రాత్రి మ్యాచ్. మన ఆటగాడు డమార్ హామ్లిన్ ఒక మామూలు టాకిల్ చేసి (ఎదుటివాణ్ణి పట్టి పడేసి) లేచి నిలబడి వెనక్కి పడిపోయాడు. గుండె ఆగింది. ట్రైనర్ డెన్నీ కెల్లింగ్టన్ మైదానంలోనే సీపీఆర్ చేశాడు, ఆటగాళ్ళు చుట్టూ గోడలా నిలబడి ఏడుస్తున్నారు, మ్యాచ్ రద్దయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. ఆసుపత్రి బయట సిన్సినాటి అభిమానులూ మన అభిమానులూ కలిసి కొవ్వొత్తులతో నిలబడ్డారు. పిల్లల బొమ్మల కోసం హామ్లిన్ 2,500 డాలర్లు పోగు చేద్దామని పెట్టుకున్న నిధికి 80 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆదివారం పేట్రియట్స్‌తో మ్యాచ్‌లో మొదటి కిక్‌ఆఫ్‌నే నయీమ్ హైన్స్ 96 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, హామ్లిన్ దాన్ని ఆసుపత్రి మంచం మీద నుంచి చూశాడు. తర్వాత కోలుకుని మళ్ళీ ఆడాడు. ఈ ఆట శరీరాలని ఎంత దెబ్బతీస్తుందో, తల దెబ్బలు రిటైరయ్యాక ఎలా బయటపడతాయో నాకు తెలుసు. మా అబ్బాయిని బడిలో ఫుట్‌బాల్ ఆడనివ్వలేదు, ఆ విషయంలో ఇంట్లో గొడవ కూడా అయింది. చూడటం మాత్రం మానలేదు. దీనికి సమాధానం నా దగ్గర లేదు, ఉన్నట్టు నటించను.

ఇక ఎలా మొదలుపెట్టాలంటే, రూల్స్ పుస్తకంతో మాత్రం మొదలుపెట్టకు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు వస్తాయి, టచ్‌డౌన్‌కి ఆరు పాయింట్లు, ఫీల్డ్ గోల్‌కి మూడు. మొదటి నెలకి ఇంతే చాలు, మిగతాది పక్కవాళ్ళు చెప్తారు. మ్యాచ్ మధ్యలో ప్రశ్న అడిగితే ఇక్కడ ఎవరూ విసుక్కోరు, చెప్పడమంటే సరదా వీళ్ళకి. రెగ్యులర్ సీజన్‌లో పదిహేడు మ్యాచ్‌లే, ఎక్కువభాగం ఆదివారం ఒంటిగంటకి. క్రికెట్ సీరీస్‌లా రోజుల తరబడి చదువు పాడవదు. హైలైట్స్ చూసి సరిపెట్టకు, మ్యాచ్ మొత్తం చూడు, ఒక్క సీజన్ అంతా వదలకుండా చూడు, ఓడినవి కూడా. ఎందుకంటే ప్రతి టీమ్‌కీ జీతాల మీద ఒకే పరిమితి ఉంటుంది, వెనకబడ్డ టీమ్‌కే డ్రాఫ్ట్‌లో ముందు అవకాశం వస్తుంది, అందుకే ఏ టీమూ శాశ్వతంగా పైన ఉండదు. వరస ఎలా మారుతోందో చూడటంలోనే సగం ఆసక్తి.

డబ్బు సంగతి. స్టూడెంట్‌వి కాబట్టి డివిజన్ మ్యాచ్‌లకో చీఫ్స్ మ్యాచ్‌కో టికెట్ కొనాలనుకోకు, కొత్త స్టేడియంలో సీజన్ టికెట్ కావాలంటే ముందు సీటు లైసెన్స్ (ఆ సీటుకి టికెట్లు కొనే హక్కు) కొనాలి, ధరలు బాగా పెరిగాయి. ఆగస్టులో ప్రీసీజన్ మ్యాచ్‌లు చవగ్గా దొరుకుతాయి, స్టేడియం ఎలా ఉంటుందో తెలుస్తుంది. అంతకంటే మంచిది, రోచెస్టర్ దగ్గర పిట్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్ ఫిషర్ యూనివర్సిటీలో జరిగే ట్రైనింగ్ క్యాంప్, ఆటగాళ్ళు పది అడుగుల దూరంలో కనిపిస్తారు. టికెట్ లేకపోయినా టెయిల్‌గేట్‌కి (మ్యాచ్ ముందు బయట జరిగే విందుకి) వెళ్ళొచ్చు. మ్యాచ్‌కి నాలుగైదు గంటల ముందే పార్కింగ్ స్థలాల్లో పొయ్యిలు వెలుగుతాయి, చికెన్ వింగ్స్ ఈ ఊళ్ళోనే యాంకర్ బార్‌లో 1964లో పుట్టాయి. తోడుగా బ్లూ చీజ్ తింటారు, రాంచ్ సాస్ అడిగితే వింతగా చూస్తారు. శాకాహారివైతే నీ డబ్బా నువ్వు పట్టుకెళ్ళు. మేం పులిహోర, మిర్చి బజ్జీలు తీసుకెళ్తాం, మా పక్కన బండి పెట్టేవాళ్ళు బజ్జీల కోసం ఎదురుచూస్తుంటారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ‘గో బిల్స్’ అని పలకరిస్తే నువ్వూ అదే అను, ఇక్కడ అది నమస్కారంతో సమానం, డాక్టరు దగ్గర కూడా చివరికి అదే అంటారు.

చలి మాత్రం తేలిగ్గా తీసుకోకు. కొత్త స్టేడియాన్ని ఎక్కువ సీట్ల మీదికి కప్పు అంచు వచ్చేలా కట్టారు కానీ పైన మూసి ఉండదు, గాలి గాలే. 2024 జనవరిలో పాత స్టేడియంలో స్టీలర్స్‌తో ప్లేఆఫ్ భోగి రోజు జరగాల్సింది మంచు తుఫాను వల్ల సంక్రాంతికి మారింది. గంటకి 20 డాలర్లు ఇచ్చి ఊళ్ళో జనాన్నే పిలిచి పారలతో సీట్లు తవ్వించారు, అయినా చాలామంది మంచులో నడుము దాకా కూరుకుని కూర్చున్నారు. మేం పొద్దున పాలు పొంగించి సాయంత్రం వెళ్ళాం. డిసెంబరులో వెళ్తే లోపల ఉన్ని, పైన గాలి చొరబడనిది, రెండు జతల మేజోళ్ళు. ఒక అట్టముక్క తీసుకెళ్ళి కాళ్ళ కింద వేసుకో, సిమెంటు నుంచి చలి పాదాల్లోకి ఎక్కకుండా ఆపుతుంది. బ్యాగు పారదర్శకంగా ఉండాలి, లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. జెర్సీ కొనాలనిపిస్తే అందరూ 17 కొంటారు, నేనైతే పాతబడ్డ 95 వెతుక్కోమంటాను, కైల్ విలియమ్స్‌ది. 2006లో వచ్చాడు, 2018లో రిటైరయ్యాడు, ఇంకే టీమ్‌కీ ఆడలేదు, మొదటి పదకొండు సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ఆ నంబరు వేసుకున్నవాడిని పార్కింగ్ లాట్‌లో పెద్దవాళ్ళు ఆపి మాట్లాడతారు.

ఎంఎస్ అయ్యాక నువ్వు కూడా డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిపోతావు, మనవాళ్ళు ఎక్కువ వెళ్ళేది అక్కడికే. అక్కడ కౌబాయ్స్ జెర్సీలు, జెయింట్స్ జెట్స్ జెర్సీలు కనిపిస్తాయి. ఆ రెండు టీమ్‌లూ పేరుకే న్యూయార్క్, ఆడేది న్యూజెర్సీలో, న్యూయార్క్ రాష్ట్రంలో ఆడే టీమ్ మనదొక్కటే. స్టీల్ ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు వెళ్ళిపోయిన కుటుంబాలు దేశమంతా బిల్స్ బ్యాకర్స్ పేరుతో సంఘాలు పెట్టుకున్నాయి, పెద్ద ఊళ్ళన్నింటిలో ఏదో ఒక బార్‌లో ఆదివారం కలుస్తారు. ఉద్యోగం ఖాయం కాగానే ఆ ఊళ్ళో ఎక్కడ కలుస్తారో కనుక్కో. కొత్త ఊళ్ళో మొదటి ఆదివారం ఇంట్లో ఒక్కడివే కూర్చుని మ్యాచ్ చూడకు, నేరుగా అక్కడికి వెళ్ళి ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చో.